‘మానెయ్’ అంటే చాలదు

దగ్గు తగ్గక హిందూపురం ప్రభుత్వాసుపత్రికి వచ్చిన మనిషికి బీడీ మానెయ్యమని చెబితే సరిపోదు. ఎలా మానాలో కూడా చెప్పాలి. 2016-17 జాతీయ సర్వే ప్రకారం పొగతాగేవారిలో సగానికి పైగా మానాలనే ఆలోచనలోనే ఉన్నారు. లేనిది తోడు.

పొగ మానడానికి వాడే నికోటిన్ గమ్ సంగతే చూడండి. బబుల్‌గమ్‌లా గబగబా నమలకూడదు. నెమ్మదిగా నమిలి, నోట్లో ఘాటు తెలియగానే బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇది తెలియకపోతే వెక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. గమ్ పక్కన పడేసి మళ్లీ బీడీ అందుకుంటారు.

1800-11-2356కు ఫోన్ చేస్తే పొగాకు ఎలా మానాలో తెలుగులోనే ఉచితంగా సలహా ఇస్తారు. 2018 నుంచి ఈ నంబరు పొగాకు ప్యాకెట్ల మీదే ఉంటోంది.

ఫోన్‌లో కాక నేరుగా సాయం కావాలంటే, ధర్మవరం మగ్గం కార్మికుడు పని మానుకొని బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లలేడు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఆసుపత్రుల్లో వారానికో రోజైనా పొగాకు మాన్పించే క్లినిక్ క్రమం తప్పకుండా నడపాలి. నడుస్తున్నచోట ఓపీ గుమ్మం దగ్గరే బోర్డు పెట్టాలి.