మత్తు డాక్టరు విధుల్లో చేరినా బిల్లు కదలదు

ఆపరేషన్‌కు వెళ్లే రోగి సర్జన్‌ను ఎంచుకుంటాడు. ఆసుపత్రి తన బీమా నెట్‌వర్క్‌లో ఉందో లేదో వాకబు చేసుకుంటాడు. మత్తు ఇచ్చేదెవరో మాత్రం థియేటర్ బయట పడుకున్నాకే తెలుస్తుంది. అమెరికాలో ఊహించని బిల్లులకు ఇదొక పెద్ద కారణమైంది. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ చట్టం, నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆ భారం రోగి నెత్తిన పడకుండా ఆపింది. పేచీ ఇప్పుడు డాక్టర్ల బృందాలకూ బీమా కంపెనీలకూ మధ్య నడుస్తోంది.

కొత్తగా చేరిన డాక్టరుకు ఆసుపత్రి పనిచేసే అనుమతి (ప్రివిలేజెస్) ఇవ్వడం వేరు, బీమా జాబితాలో పేరెక్కడం వేరు. డిగ్రీ, రెసిడెన్సీ, లైసెన్స్, నియంత్రిత మందులకు కావాల్సిన డీఈఏ రిజిస్ట్రేషన్, పాత మాల్‌ప్రాక్టీస్ కేసులు అన్నీ తనిఖీ అయ్యేసరికి మూడు నాలుగు నెలలు గడవడం మామూలే. కంపెనీలు డాక్టరు వివరాల కోసం చూసే ఆన్‌లైన్ సీఏక్యూహెచ్ ప్రొఫైల్‌ను చాలా రాష్ట్రాల్లో 120 రోజులకోసారి మళ్లీ ధ్రువీకరించాలి. మరిచిపోతే ఫైలు అక్కడే ఆగుతుంది.

మత్తు విభాగంలో ఈ దెబ్బ మరీ గట్టిది. ఒక డాక్టరు ఒకేసారి నాలుగు థియేటర్లలో నర్సు అనస్థెటిస్టుల పనిని నడిపించవచ్చు. అలాంటప్పుడు ప్రభుత్వ బీమా మెడికేర్ ఇచ్చే ఫీజు డాక్టరుకూ నర్సుకూ చెరిసగం. డాక్టరు పేరు ఇంకా నమోదు కాకపోతే నాలుగు థియేటర్లలోనూ సగం సొమ్ము నిలిచిపోతుంది.

మన డాక్టర్లకు మరో చిక్కుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో పూర్తిగా, అమెరికా లైసెన్సులో చివర ఉండవచ్చు. పెళ్లయ్యాక పేరు మార్చుకున్నవారి సంగతి చెప్పనక్కర్లేదు. దీనికితోడు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో వైఎస్సార్ పేరుకు, 2024లో తిరిగి పాత పేరుకు మారింది. తెలంగాణ కాలేజీలు కాళోజీ విశ్వవిద్యాలయం కిందికి వెళ్లాయి. ఈ తేడాలను దరఖాస్తులోనే రాతపూర్వకంగా వివరించడం మంచిది. ఎవరో అడిగేదాకా ఆగితే వారాలు పోతాయి.

అసలు మారాల్సింది బీమా కంపెనీల పద్ధతి. మెడికేర్ డాక్టర్ల నమోదును ఆమోదిస్తే, దరఖాస్తు అందిన తేదీ నుంచే సాధారణంగా లెక్కలోకి తీసుకుంటుంది. అంతకు ముందు 30 రోజుల సేవలకూ బిల్లు పెట్టుకోనిస్తుంది. ప్రైవేటు కంపెనీల్లో చాలావరకు ఆమోదించిన తేదీ నుంచే లెక్క. ఫైలు కంపెనీల బల్ల మీద నిద్రపోయిన కాలానికి జీతం కోత డాక్టరుకు పడడం అన్యాయం. టెక్సాస్ చట్టం ఇందుకు దారి చూపింది. ఒప్పందంలో ఉన్న బృందంలో చేరిన అర్హుడైన డాక్టరును, పరిశీలన నడుస్తుండగానే చెల్లింపుల కోసం నెట్‌వర్క్ సభ్యుడిగా చూడాలంటుంది. చివరికి అనర్హుడని తేలితే అదనంగా ఇచ్చిన సొమ్మును కంపెనీ వెనక్కి రాబట్టుకోవచ్చు. ఇలాంటి రక్షణ లేని రాష్ట్రాలు వెంటనే దాన్ని తేవాలి.