మెట్టు మెట్టుగా తిరుమలకు

పురట్టాసి నెల వచ్చిందంటే మన చూలైకి తిరుపతి గొడుగులు వస్తాయి. ఫ్లవర్ బజార్ చెన్నకేశవ పెరుమాళ్ గుడి దగ్గర బయలుదేరి, యానైకవుని దాటి, మన వీధుల మీదుగా అయనావరం, విల్లివాక్కం వైపు సాగి, చివరికి తిరుమల గరుడసేవకు చేరతాయి. హారతిచ్చి గొడుగులను సాగనంపిన మరునాటి నుంచి చాలా ఇళ్ళలో ఒకటే చర్చ. ఈసారి మనమూ నడిచి కొండెక్కుదామా అని. నాయనమ్మకు ఎప్పటిదో మొక్కు బాకీ ఉంటుంది. కొడుకుకు సెలవు రెండు రోజులే. మనవడికేమో హుషారు. చివరికి చర్చ ఒక ప్రశ్న దగ్గర ఆగుతుంది: ఏ దారిన ఎక్కాలి?

భక్తులు రోజూ నడిచే దారులు రెండు. మొదటిది అలిపిరి దారి. దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. రెండవది శ్రీవారి మెట్టు. తిరుపతికి పడమరగా శ్రీనివాస మంగాపురం దాటి వెళ్ళాలి. 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. ఈ అంకెలు చూడగానే “రెండోదే సులువు, గంటన్నరలో పని అయిపోతుంది” అనేవారే ఎక్కువ.

కాస్త భాగహారం చేసి చూడండి. అలిపిరి దారిలో సగటున రెండున్నర మీటర్లకు ఒక మెట్టు పడుతుంది. శ్రీవారి మెట్టులో మీటరైనా నడవకముందే ఒక మెట్టు. అంటే అక్కడ చదును నేల దాదాపు లేదు. ఊపిరి సర్దుకునే వ్యవధి దారి ఇవ్వదు, మనమే ఆగి తీసుకోవాలి. మోకాళ్ళు, గుండె దిట్టంగా ఉన్న వయసువారికి అది మంచి దారి. తక్కిన వారికి పొట్టిదారి సులువు దారి కాదు.

అలాగని అలిపిరి సగటును నమ్మినా చిక్కే. సగటు లెక్క బ్యాలెన్స్ షీటుకు పనికొస్తుంది గానీ మోకాలికి పనికిరాదు. మొత్తం మెట్లలో సగానికి పైగా గాలిగోపురం లోపలే అయిపోతాయి. పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి, తలయేరుగుండు దాటి, గాలిగోపురం చేరేదాకా ఏకబిగిన ఎక్కుడే. అక్కడ కూర్చుని కాఫీ తాగి, కింద తిరుపతి ఊరంతా చూడవచ్చు. ఆ తర్వాత దారి చాలాదూరం మెత్తబడుతుంది. ఏడవ మైలు ఆంజనేయస్వామి విగ్రహం, జింకల పార్కు, నరసింహస్వామి గుడి, కొంతమేర ఘాట్ రోడ్డు పక్కనే నడక. “ఇక అయిపోయింది” అనుకునే వేళకు మోకాళ్ళ పర్వతం ఎదురవుతుంది. రామానుజులవారు ఈ కొండను కాలితో తొక్కడానికి మనసొప్పక మోకాళ్ళ మీద ఎక్కారని ప్రతీతి. మనం కాళ్ళతోనే ఎక్కుతాం గానీ అక్కడికి చేరేసరికి ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకని గాలిగోపురం దగ్గరే బలమంతా ఖర్చు చేసేయకుండా కొంత నిలవ ఉంచుకోవడం మంచిది.

ఇక సాధన సంగతి. మన చెన్నపట్నం సముద్రమట్టం ఊరు. ఇక్కడ ఎత్తు అంటే మిద్దె మెట్లే. అయినా ఆ వేంకటేశ్వరుడి దగ్గరికి పోయే దిక్కునే మనకు రెండు చిన్న కొండలున్నాయి. మొదటిది తిరుత్తణి. 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. రెండవది షోలింగూరు, మన పెద్దలు ఘటికాచలం అనే క్షేత్రం. పెద్దకొండ మీది యోగ నరసింహస్వామి గుడికి సుమారు 1,300 మెట్లు. 2024 నుంచి రోప్‌కార్ కూడా ఉంది కనుక, ఎక్కలేనివారిని అందులో పంపి తక్కినవారు నడవవచ్చు. అక్కడి కోతులతో మాత్రం జాగ్రత్త, చేతిలో సంచి కనబడనివ్వకండి.

365, 1,300, 2,388, 3,550. ఈ నాలుగు అంకెలే ఒక నిచ్చెన. తిరుత్తణిలో మూడుసార్లు ఆగినవారు షోలింగూరుకు తొందరపడకూడదు. షోలింగూరులో గుండె దడ, ఛాతీ బిగువు, కళ్ళు తిరగడం వంటివి కనబడితే తిరుమల నడక తలపెట్టే ముందు డాక్టరును చూడాలి. ఈ పరీక్ష ఊరికి దగ్గరలో, ఇంటివాళ్ళ నడుమ జరిగిపోవడమే మేలు. వారం వారం కొండకు పోవడానికి వీలులేనివారు మూడంతస్తుల ఇల్లు చూసుకోండి. అంతస్తుకు ఇరవై మెట్ల చొప్పున ఒకసారి ఎక్కితే అరవై. అలిపిరి అంటే అది అరవై సార్లు. రోజుకు అయిదుసార్లతో మొదలుపెట్టి నెలరోజుల్లో ఇరవైకి తెచ్చుకుంటే కాళ్ళు కొండకు సిద్ధమైనట్టే.

అరవై దాటినవారు, బీపీ, షుగరు, ఆస్త్మా, గుండెజబ్బు ఉన్నవారు నడిచి రావడం మంచిది కాదని తిరుమల తిరుపతి దేవస్థానం 2024లో సూచన చేసింది. అలిపిరి దారిలో 1,500వ మెట్టు దగ్గర, గాలిగోపురం దగ్గర, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్యసహాయం ఏర్పాటు చేసింది. షుగరు ఉన్నవారికి ఇంకొక మాట. పాదాలకు స్పర్శ తగ్గినవారు వట్టికాళ్ళతో నడిస్తే ఎండకు కాలిన బండ చేసిన గాయం రాత్రిదాకా తెలియదు. చాలామేర పైకప్పు ఉన్నా, లేని చోట్లూ ఉన్నాయి.

ఇక పిల్లల విషయం. ఇది చెప్పడానికి మనసు రాదు గానీ చెప్పక తప్పదు. 2023 జూన్‌లో అలిపిరి దారిలో ఒక పసివాణ్ణి చిరుత పట్టుకుంది, అదృష్టం బాగుండి బతికాడు. అదే ఏడాది ఆగస్టులో నరసింహస్వామి గుడి ప్రాంతంలో ఆరేళ్ళ పాప ప్రాణమే పోయింది. శేషాచలం 2010లో జీవావరణ రక్షితప్రాంతంగా ప్రకటించిన అడవి. ఎర్రచందనం పుట్టిన నేల, చిరుతల ఇల్లు. మెట్లకు సిమెంటు, దీపాలు ఉన్నంత మాత్రాన అది మన వీధి అయిపోదు. ఆ సంఘటనల తర్వాత మధ్యాహ్నం రెండు దాటాక చిన్నపిల్లలతో అలిపిరి దారిన వెళ్ళకూడదని నిబంధన పెట్టారు. వయసు, వేళలు అప్పుడప్పుడు మారుతున్నాయి కనుక బయలుదేరే ముందు విచారించుకోండి. నిబంధన ఏదైనా మన ఇంటి నియమం ఒకటే ఉండాలి: పిల్లవాడి చెయ్యి పెద్దవారి చేతిలో. “ముందు పరుగెత్తి ఆ మలుపు దగ్గర ఉంటాను” అంటే వద్దనాలి. తినుబండారాల పొట్లాలు దారిలో పారేయకూడదు. చెత్తకు కుక్కలు, వాటి కోసం చిరుతలు వస్తాయి.

కాలం చూసుకోవడం కూడా ముఖ్యం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వచ్చే వానలే ఆ కొండకూ వస్తాయి. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని 2022 మే దాకా మూసివేశారు. జనవరి, ఫిబ్రవరి నెలలు నడకకు హాయి. ఉదయం సప్తగిరి ఎక్స్‌ప్రెస్ దిగి నేరుగా మెట్లెక్కితే ఎండ నెత్తికెక్కుతుంది. ముందురోజు సాయంత్రానికే చేరి, రాత్రి నిద్రపోయి, తెల్లవారుతూనే బయలుదేరడం మేలు. సామాను అలిపిరిలో అప్పగిస్తే కొండమీదికి ఉచితంగా చేరుస్తారు. చేతిలో నీళ్ళు, మందులు, తువ్వాలు చాలు.

అడవిని ఇంకా చూడాలనే దిట్టమైన వారికి తీర్థ ముక్కోటి రోజులున్నాయి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. దేవస్థానం ఆ ఏడు అనుమతించిన మేరకే వెళ్ళాలి. రాళ్ళమీద నడక కనుక పిల్లలకు, పెద్దవారికి తగదు. మిగతా రోజుల్లో ఎవరో దారి తెలిసినవారు పిలిచారని అడవిలోకి వెళ్ళకండి.

చివరగా దర్శనం టోకెన్ల మాట. కాలినడక టోకెన్ల పద్ధతి తరచు మారుతుంటుంది. వాటికోసం పరుగుతీసి ఎక్కేవారిని చూస్తే భయం వేస్తుంది. టోకెను దొరక్కపోతే సర్వదర్శనం క్యూ ఉండనే ఉంది. కుటుంబంతో నడిచేటప్పుడు వెనక నడిచేవారి వేగమే అందరి వేగం. నడవలేనివారు ముందే బస్సులో వెళ్ళి, అనుకున్న చోట కూర్చుని ఎదురుచూడవచ్చు. నాయనమ్మ మొదటి పది మెట్లకు పసుపు కుంకుమ పెట్టి, తక్కినవి మనవడి చేత ఎక్కిస్తే ఆ మొక్కు చెల్లదని ఎవరంటారు? స్వామి కొండమీదే ఉంటాడు, వచ్చే ఏడూ ఉంటాడు. మనమూ ఉండాలి కదా.