అచ్చు కుదరని బోర్డు

మా బాబాయిది పెడనలో కలంకారీ అద్దకం పని. ఆ మధ్య బందరులో పెళ్లికి వెళ్లి, వస్తూ వస్తూ వాళ్లింట్లో దిగాను. కాఫీ ఇంకా రాకముందే, ‘ఒరేయ్, పేపర్లో రాస్తావుగా, దీని సంగతేంటో చూడు’ అంటూ మూలనున్న కంప్యూటర్ చూపించాడు. పన్నెండేళ్ల కిందట కొన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్. ఇన్నేళ్ల అచ్చుల డిజైన్లు, బాకీల లెక్కలు అన్నీ అందులోనే. స్విచ్చేస్తే, తెర మీద బొమ్మ వచ్చేసరికి కాఫీ తాగడం అయిపోయింది! మదర్‌బోర్డు మారిస్తే కొత్తదానిలా పరిగెడుతుందని ఎవరో చెబితే, విజయవాడ వెళ్లి మూడు వేలకు ఓ సెకండ్‌హ్యాండ్ బోర్డు తెచ్చాడట. తీరా చూస్తే అది డబ్బాలో కూర్చోదు.

ఎందుకు కూర్చోదు? విడిభాగాలు కొని కట్టించుకునే కంప్యూటర్లకు ఓ ఉమ్మడి కొలత ఉంది. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి అది. స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలో, కరెంటు ప్లగ్గు ఎలా ఉండాలో అన్నీ అందులో ఖాయం. పెద్ద కంపెనీలు తమ పేరుతో అమ్మే డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఆ కట్టుబాటు లేదు. బోర్డు ఆకారం, పవర్ సప్లై, స్విచ్చు వైరు... అన్నీ వాళ్ల సొంత లెక్క. 1990ల చివర్లో వచ్చిన కొన్ని డెల్ డెస్క్‌టాప్‌లలోనైతే ప్లగ్గు అచ్చం ఏటీఎక్స్‌దే, వైర్ల వరుస మాత్రం వేరు. మామూలు పవర్ సప్లై తగిలిస్తే చక్కగా పట్టేది. బోర్డు మాత్రం కాలిపోయే ప్రమాదం!

‘అంటే, ఒక సెట్టులో గీత అచ్చు, ఇంకో సెట్టులో రంగు అచ్చు వేసినట్టన్నమాట’ అన్నాడు బాబాయి. అంతే మరి. కలంకారీలో ఒక్కో రంగుకీ ఒక్కో టేకు అచ్చు. సెట్టు మారితే పువ్వు ఒకచోట, రంగు ఒకచోట.

అందుకే కొనేముందు బోర్డు పేరు తెలుసుకోవాలి. దానికి డబ్బా విప్పక్కర్లేదు. కీబోర్డు మీద విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి ‘ఎంఎస్ఇన్ఫో32’ అని ఇంగ్లిషులో టైపు చేయండి. కంప్యూటర్ మోడలు, బోర్డు వివరాలు, బయోస్ వెర్షన్ కనిపిస్తాయి. కంప్యూటరే తెరుచుకోకపోతే డబ్బా మీది సీరియల్ నంబరో, బోర్డు మీద ముద్రించిన పార్ట్ నంబరో చూడాలి. ఆ నంబరుతో కంపెనీ సైట్లో వెతికితే ఎంత మెమొరీ పడుతుందో, ఏ ప్రాసెసర్లు పనిచేస్తాయో సాధారణంగా దొరుకుతుంది. సాకెట్ ఒకటే కదా అని ప్రాసెసర్ కొనేయకండి, బయోస్ గుర్తించకపోతే డబ్బు దండగ. ఇక విప్పాల్సి వస్తే ముందు కరెంటు ప్లగ్గు పీకండి. బోర్డుకి వెళ్లే పెద్ద ప్లగ్గుకి ఇరవై నాలుగు పిన్నులు కాకుండా ఆరో, ఎనిమిదో, పద్నాలుగో ఉంటే అది కంపెనీ సొంత రకమని అర్థం.

మేం చేసిందేమిటంటే... ముందుగా డిజైన్లన్నీ ఓ విడి డిస్కులోకి కాపీ చేశాం. తర్వాత బోర్డు జోలికి పోకుండా, ఇంకో నాలుగు జీబీ డీడీఆర్3 మెమొరీ చేర్చి, పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టాం. ఇప్పుడు స్విచ్చేసి కుర్చీ లాక్కునేలోపే తెరుచుకుంటోంది.

అయితే ఓ మెలిక ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. బాబాయి బోర్డుకి ఆ యోగం లేదు. అందుకని నెట్ వైరు పీకేసి డిజైన్లకూ లెక్కలకూ మాత్రమే వాడమన్నాను. రేపు ఈ బోర్డే పోతే? అదే పార్ట్ నంబరుది దొరకాలి. లేదంటే డబ్బా, పవర్ సప్లై, ప్రాసెసర్, మెమొరీ అన్నీ మారాలి. అప్పుడిక కొత్తది కొనుక్కోవడమే మేలు.

‘మరి ఆ మూడు వేల బోర్డు?’ వంటింట్లోంచి పిన్ని గొంతు.

బాబాయి దాన్ని తీసి పాత అచ్చుల అరలో పెట్టాడు. ‘దీని జోడీ ఎక్కడో ఉండే ఉంటుంది లేవే!’