చెక్క స్పూను వెనక చదువు

వరికుంటపాడు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళమ్మాయి పదో తరగతి పాసయిందట. ఉదయగిరిలో తెలిసినవాళ్ళింట్లో చెక్క స్పూన్ల పని నేర్చుకుంటానని పట్టుపడుతోందట. ఇంట్లో మగవాళ్ళు మాత్రం "కర్రలు చెక్కడానికా ఇన్నేళ్ళు చదివించింది?" అని విసుక్కుంటున్నారట. ఏం చేయమంటారని అడిగారు.

జవాబు చెప్పేముందు మీ అందరినీ ఒకటి అడుగుతాను. ఉదయగిరి చెక్క స్పూను ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని నిదానంగా చూశారా? 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్న కోట వున్నది అక్కడే. ఆ దుర్గం కొండల్లో దొరికే నర్ది, కల్ది, బిక్కి, పాలబరికి లాంటి కర్రలతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఇంకెక్కడో చేసిన సరుకుకి ఉదయగిరి పేరు పెట్టి అమ్మకూడదన్నమాట.

చూడ్డానికి చిన్న స్పూనే! కానీ కర్రలోని చారలు పిడి పొడుగునా సాగేలా కోయాలి. అడ్డంగా వచ్చాయా, నాలుగు రోజులకే పిడి విరుగుతుంది. గుంట మరీ పల్చనైతే చీలుతుంది, మందమైతే నోటికి అడ్డం. ఎక్కడ ఆపాలో చెయ్యే చెప్పాలి. అరిసెల పాకం నీళ్ళలో వేసి, వేళ్ళతో వుండ చేసి చూడ్డం మనకి ఏ పుస్తకం నేర్పింది? అమ్మో అత్తగారో పక్కన నిలబడి "ఇంకాస్త రానీ" అంటే నేర్చుకున్నాం. ఇదీ అంతే.

పెద్ద కర్మాగారాల్లో ఇలా పని నేర్చుకునేవాళ్ళని అప్రెంటిస్ అంటారు. 1961లో వచ్చిన అప్రెంటిస్ చట్టం వాళ్ళకి నెలనెలా స్టైపెండు ఇవ్వాలంటుంది. అమ్మ పక్కన కూర్చుని ఏళ్ళతరబడి నేర్చుకున్న పిల్లకి మాత్రం చేతిలో ఏ కాగితమూ వుండదు. "ఏం చేస్తున్నావ్?" అంటే, "ఖాళీగానే వున్నానండీ" అంటుంది పాపం!

చేతివృత్తుల వాళ్ళకోసం 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం పి.ఎం. విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. వడ్రంగంతో కలిపి 18 వృత్తులున్నాయి. గుర్తింపు కార్డు, సర్టిఫికెట్టు, శిక్షణలో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయలదాకా సాయం, తక్కువ వడ్డీకి అప్పు. బాగుంది. కానీ ఇంటికి ఒక్కరికే! భార్యాభర్తలూ, పెళ్ళికాని పిల్లలూ అంతా ఒక కుటుంబం కింద లెక్క. తల్లీ కూతురూ ఒకే చాపమీద కూర్చుని ఒకే పని చేస్తుంటే, కార్డు ఎవరికి రావాలి? ఇద్దరిదీ పనే కదా! ఈ నిబంధన నాకేమీ నచ్చలేదు.

ఇక సోదరికి జవాబు. పంపించండమ్మా, అయితే కళ్ళు మూసుకుని కాదు. నేర్పేవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. ఎన్నాళ్ళు నేర్పుతారు, పిల్ల చేసిన స్పూను అమ్ముడయ్యే స్థాయికొచ్చాక డజనుకి ఎంతిస్తారు? మొహమాటపడితే ఏళ్ళు గడిచినా "ఇంకా నేర్చుకుంటోంది" అనే మాటే వినాల్సొస్తుంది. చదువూ ఆపనక్కర్లేదు, ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టించండి. విశ్వకర్మలో పేరు నమోదుకి 18 ఏళ్ళు నిండాలి గనక అప్పటిదాకా ఆగాలి. ఇంట్లో మగవాళ్ళ సంగతంటారా? అమ్మాయి మొదటి స్పూను చెయ్యగానే వాళ్ళ కంచంలో వేసి పెట్టండి!

కొనేవాళ్ళకి కూడా ఓ మాట. మిషను మీద పోసిన ప్లాస్టిక్ గరిటె ధర చెప్పి, లేపాక్షిలోనో ఎగ్జిబిషన్లోనో దీన్ని బేరమాడకండి. పిడి మీద చారలు పొడుగునా వున్నాయో లేదో చూసి తీసుకోండి. నాన్‌స్టిక్ పెనానికి గీతలు పడవు, చెయ్యి కాలదు. రాత్రంతా సింకులో నానబెట్టొద్దు. వెంటనే కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టండి. నెలకోసారి రెండు చుక్కల కొబ్బరినూనె రాస్తే చాలు, పగుళ్ళు రావు.