బొమ్మలు వేస్తే బతుకు గడుస్తుందా?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఒక తల్లి రాసినది. ఊరూ పేరూ వేయవద్దని ఆమె కోరారు. ఆమె చెప్పిన సంగతి క్లుప్తంగా ఇది. వారికి ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి 22 ఏళ్లు, డిగ్రీ పూర్తయింది. అబ్బాయికి 14 ఏళ్లు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ, మాటలు సరిగా రావు. కోపం వస్తే చేతికందినది విసిరేస్తాడు. అక్క ఒక్కతే వాణ్ణి పట్టుకోగలదు. పలకా బలపం ఇచ్చి పక్కన కూర్చుంటుంది. వాడు గీతలు గీస్తూ గీస్తూ మెల్లగా శాంతిస్తాడు. ఇప్పుడా అమ్మాయి, ఇలాంటి పిల్లలకు బొమ్మల ద్వారా సాయం చేసే చదువు ఉందట, అది చదువుతానంటున్నది. తండ్రి ససేమిరా అంటున్నారు. "బొమ్మలు వేస్తే బతుకు గడుస్తుందా? ముందు పెళ్లి కానివ్వు" అంటున్నారు. పెళ్లిచూపులకు ఎవరైనా వస్తే అబ్బాయిని వెనక గదిలో పెట్టి తలుపు వేస్తున్నారట. ఆ తలుపు దగ్గరే మొన్న అక్క ఎదురు తిరిగిందట. ఆ తల్లి అడిగిన ప్రశ్న ఒక్కటే: "మేము ఎవరి మాట వినాలి?"

అమ్మా, మీ ప్రశ్న మీ ఒక్క ఇంటిది కాదు. అందుకే పదిమంది ఎదుట జవాబు రాస్తున్నాను.

ముందుగా, మీ అమ్మాయి చెప్పిన చదువు నిజంగానే ఉంది. దాని పేరు ఆర్ట్ థెరపీ. చిత్రకళా చికిత్స అనుకోవచ్చు. ఆ పేరు పుట్టింది తరగతి గదిలో కాదు, రోగి మంచం మీద.

ఇంగ్లాండులో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, యుద్ధభూమి దృశ్యాలను గీసినవాడు. 1938లో అతనికి క్షయవ్యాధి వచ్చింది. మిడ్‌హర్స్ట్ అనే చోట ఉన్న శానిటోరియంలో చేరాడు. అప్పటికి క్షయకు పనిచేసే మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, ఇదే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం సంగతి మన పెద్దలు ఎరుగుదురు గదా! అనేక మిషన్లు కలిసి నెలకొల్పిన ఆ ఆసుపత్రిలో మన జిల్లాల వారు ఎందరో అలాగే నెలలు గడిపారు. దేహానికి విశ్రాంతి దొరికేది గాని, మనసుకు ఎక్కడిది? ఇల్లు ఏమైందో, పిల్లలు తిన్నారో లేదో అనే చింత ఒకవైపు, రేపు బతుకుతానా అనే భయం మరొకవైపు.

హిల్ మంచం మీదనే ఉండి, కంటికి కనిపించిన వస్తువులను పెన్సిలుతో గీయడం మొదలుపెట్టాడు. గీస్తున్నంతసేపు మనసు భయం నుండి పక్కకు తొలగడం గమనించాడు. కొంత కోలుకున్నాక తోటి రోగులకూ, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులకూ కాగితాలూ రంగులూ ఇచ్చి ప్రోత్సహించాడు. చేయి తిరిగినవారూ గీశారు, ఎన్నడూ కుంచె పట్టనివారూ గీశారు. కొందరి బొమ్మలలో, నోటితో ఎవరికీ చెప్పని యుద్ధపు ఘోరాలు బయటికి వచ్చాయి. 1942లో అతడు ఈ పనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడు. 1945లో తన అనుభవాన్ని పుస్తకంగా వెలువరించాడు. 1964లో బ్రిటన్‌లో ఆర్ట్ థెరపిస్టుల సంఘం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షుడయ్యాడు. బొమ్మ క్షయ క్రిమిని చంపదు. కాని రోగిగా పడి ఉన్నవానికి, నేనింకా ఒక పని చేయగలను అనే ధైర్యాన్ని ఇస్తుంది.

ఇక రెండవ వృత్తాంతం ఒక స్త్రీది. వియన్నా నగరంలో 1898లో ఫ్రీడల్ డిక్కర్ అనే ఆమె పుట్టింది. పసితనంలోనే తల్లి చనిపోయింది. తండ్రి కాగితాలూ పెన్సిళ్లూ అమ్మే దుకాణంలో గుమాస్తా. తల్లి లేని పిల్లకు ఆ కాగితాలూ రంగులే ఆటబొమ్మలు. పెద్దయ్యాక పేరున్న చిత్రకారిణి అయింది. ఆమె యూదురాలు గనుక, హిట్లర్ కాలంలో 1942 డిసెంబరులో భర్తతో కూడ తెరెజీన్ అనే నిర్బంధ శిబిరానికి పంపబడింది. ఒక్కొక్కరు తీసుకుపోగలిగిన సామాను చాలా కొద్ది. ఆ కొద్దిలోనే ఆమె బొమ్మలు గీసే సామగ్రి పట్టుకుపోయింది. తల్లిదండ్రుల నుండి వేరుచేయబడి, ఆకలితో, భయంతో ఉన్న పిల్లలను కూర్చోబెట్టి బొమ్మలు గీయించింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్ మరణశిబిరంలో చంపివేశారు. ఆమె వద్ద గీసిన పిల్లలలో అత్యధికులూ బతకలేదు. కాని ఆమె రెండు సూట్‌కేసులలో దాచిన బొమ్మలు దాదాపు 4,500 మిగిలాయి. అవి నేటికీ ప్రాగ్ నగరంలోని యూదు మ్యూజియంలో ఉన్నాయి.

ఆమె శిష్యురాలు ఎడిత్ క్రామర్. 1916లో వియన్నాలోనే పుట్టింది. ఫ్రీడల్ ఆమె పిన్నతల్లి స్నేహితురాలు. ఆ విధంగా చిన్ననాడే ఆమె వద్ద బొమ్మలు నేర్చుకున్నది. తరువాత ప్రాగ్‌లో, హిట్లర్ నుండి పారిపోయి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఫ్రీడల్ బొమ్మలు నేర్పుతుంటే పక్కన ఉండి సహాయపడింది. ఇల్లు కోల్పోయిన పిల్లలు ఏమి గీస్తారో, ఎలా గీస్తారో కళ్లారా చూసింది. 1938లో అమెరికా చేరింది. 1950 తరువాత న్యూయార్క్ రాష్ట్రంలో, ఇంట్లోనూ వీధిలోనూ దెబ్బలు తిని మొండికేసిన మగపిల్లల కోసం నడిపే వసతి పాఠశాలలో ఏడేళ్లు పనిచేసింది. ఆ అనుభవం 1958లో పుస్తకమైంది. 2014లో తన 97 ఏళ్ల వయసులో మరణించేవరకు ఈ వృత్తికి పెద్దదిక్కుగా నిలిచింది.

ఒకరిని రోగం నడిపించింది, మరొకరిని తల్లి లేని బాల్యం, ఇంకొకరిని ఇంటివారి స్నేహం నడిపించాయి. మీ అమ్మాయిని తమ్ముడు నడిపిస్తున్నాడు. గనుక ఆమె కోరికను పిచ్చి కోరిక అని కొట్టివేయకండి.

అయితే బాధపడినవారందరూ వైద్యులు కాగలరా? కాలేరు. బాధ మనకు జాలిని నేర్పుతుంది, పనిని నేర్పదు. కాలు విరిగి లేచినవాడు ఇతరుల ఎముకలు కట్టగలడా? అతనికి నొప్పి తెలుసు, కట్టు తెలియదు. కట్టు నేర్చుకోవాలి. ఈ ఒక్కమాట మీ అమ్మాయి బాగా తలకెక్కించుకోవాలి. అందుకే ఆ పని ఎలా ఉంటుందో కొంచెం వివరిస్తాను.

ఆర్ట్ థెరపిస్టు డ్రాయింగ్ మాస్టారు కాదు. బొమ్మకు మార్కులు వేయరు, వంకర గీతను సరిదిద్దరు. వారానికి ఒకసారో రెండుసార్లో, ఒకే చోట, ఒకే వేళకు కలుసుకుంటారు. కాగితం, రంగులు, మట్టి ఎదుట ఉంచుతారు. వచ్చినవారు తమకు తోచినది చేస్తారు. తరువాత, దీని గురించి చెప్తావా అని అడుగుతారు. చెప్పకపోతే ఊరుకుంటారు. నల్లరంగు వాడితే దుఃఖం, ఎర్రరంగు వాడితే కోపం అని సోది చెప్పినట్లు చెప్పరు. నల్లరంగు ముక్క ఒక్కటే మిగిలి ఉండి నల్లగా గీసి ఉండవచ్చు గదా! వచ్చినవారి బొమ్మలను ఇతరులకు చూపించరు. అది వారు చెప్పిన రహస్యంతో సమానం.

కోపంతో ఉన్న పిల్లవాడు మట్టిముద్దను గోడకేసి కొట్టవచ్చు. అది కోపం వెళ్లగక్కడం, అంతే. అదే మట్టితో పళ్లు బయటపెట్టిన పులిని చేస్తే, ఆ కోపానికి ఒక రూపం వచ్చింది, పిల్లవాని చేతికింద ఉన్నది. మొదటి దాని నుండి రెండవ దానికి పిల్లవాణ్ణి నడిపించడమే ఈ పనిలో కీలకమని ఎడిత్ క్రామర్ బోధించింది. అందుకు థెరపిస్టుకు "మూడవ చేయి" ఉండాలని ఆమె అనేది. అంటే ఏమిటి? పులి కాలు ఊడిపోతుంటే చిన్న పుల్ల గుచ్చి నిలబెట్టాలి. కాని ఆ పులి పిల్లవానిదిగానే ఉండాలి, మనదైపోకూడదు. ఎంత కష్టమో ఆలోచించండి. ప్రేమ ఎక్కువైనవారికి ఇది మరింత కష్టం. తమ్ముడి చేయి పట్టుకుని తానే గీసేయాలని ఏ అక్కకు అనిపించదు?

గనుక తల్లీ, నీకు రెండు మాటలు. మొదటిది, నీ తమ్మునికి నీవు అక్కవే, థెరపిస్టువు కావద్దు. ఈ వృత్తిలో ఉన్నవారు సొంత ఇంటివారికి చికిత్స చేయరు. వాని పక్కన కూర్చుని పలక మీద గీయడం మానవద్దు. అది ప్రేమ, దానికి సర్టిఫికెట్టు అక్కరలేదు. చికిత్స కావాలంటే వేరొకరు చేయాలి. రెండవది, నీ సొంత దుఃఖాన్ని ముందు ఎవరో ఒకరి ఎదుట విప్పుకోవాలి. తలుపు వెనక కూర్చున్న తమ్మునికోసం నీలో ఉన్న కోపం నాకు అర్థమవుతున్నది. ఆ కోపాన్ని అలాగే మోసుకుపోతే, రేపు నీ దగ్గరకు వచ్చే ప్రతి పిల్లవానిలో నీ తమ్ముణ్ణే చూస్తావు, ప్రతి తండ్రిలో నీ తండ్రినే చూస్తావు. బ్రిటన్‌లో ఈ చదువు చదివేవారు తాము కూడ ఒక థెరపిస్టు వద్దకు వెళ్లవలసి ఉంటుంది. పనిలో చేరాక కూడ అనుభవజ్ఞులతో క్రమంగా మాట్లాడి తమ పని సరిచూసుకుంటారు. అక్కడ పీజీ స్థాయి చదువు, ప్రభుత్వ చట్టం ప్రకారం నమోదు లేకుండా ఆర్ట్ థెరపిస్టు అనే పేరు పెట్టుకోకూడదు.

ఇక మన దేశం సంగతి. ఉన్నమాట చెప్పాలి. ఈ పేరుతో ఉద్యోగాలు మన జిల్లాలలో చాలా అరుదు. వారాంతపు క్లాసులలో ఇచ్చే సర్టిఫికెట్టును నమ్ముకుని ఇల్లు విడిచి పోవద్దు. ముందు గట్టి పునాది వేసుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే స్పెషల్ ఎడ్యుకేషన్ బి.ఎడ్., లేదా సైకాలజీ, లేదా సోషల్ వర్క్ ఎం.ఏ. చదవవచ్చు. స్పెషల్ ఎడ్యుకేషన్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కాలేజీయేనా అని విచారించుకోవాలి. ఆ చదువుతో జీతం వచ్చే పని దొరుకుతుంది. దానిమీద ఆర్ట్ థెరపీ శిక్షణ చేర్చుకోవచ్చు. శిక్షణలో చేరేముందు మూడు ప్రశ్నలు అడుగు: నిజమైన వ్యక్తులతో ఎన్ని గంటల పని చేయిస్తారు? దానిని ఎవరు పర్యవేక్షిస్తారు? వారు ఎక్కడ చదివారు? జవాబు సూటిగా రాకపోతే రూపాయి కట్టవద్దు.

ఇప్పుడు తండ్రిగారికి ఒక మాట. సోదరా, మీ భయం నాకు తెలియనిది కాదు. ఆడపిల్ల తండ్రికి లోకం ఎన్ని మాటలు అంటుందో నేను కూడ ప్రతి వారం వింటున్నాను. కాని అబ్బాయిని దాచి చేసిన పెళ్లి ఎన్నాళ్లు నిలుస్తుంది? పెళ్లైన మొదటి పండుగకే అల్లుడు మీ ఇంటికి వస్తాడు గదా! అప్పుడు మీ అమ్మాయి రెండు ఇళ్ల మధ్య దోషిలా నిలబడాలి. ఉన్నది ఉన్నట్లు చెప్పి, వాణ్ణి మంచి చొక్కా వేసి మీ పక్కన కూర్చోబెట్టండి. వాణ్ణి చూసి వెనక్కి పోయే సంబంధం పోనీయండి. అది మీ అమ్మాయికి నష్టం కాదు.

అబ్బాయి విషయంలో కూడ ఇంకా చేయవలసింది ఉన్నది. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984 నుండి బుద్ధిమాంద్యం గల పిల్లల జాతీయ సంస్థ ఉన్నది. ఒకసారి తీసుకువెళ్లి పరీక్ష చేయించండి. వానికి ఏమి నేర్పవచ్చో, ఇంట్లో ఎలా నేర్పాలో అక్కడ చెప్తారు. 14 ఏళ్లు వచ్చాయి, ఇక లాభమేముంది అనుకోవద్దు. అన్నం కలుపుకోవడం, బట్టలు మడవడం, చిన్న పని చేయడం ఈ వయసులో కూడ నేర్పవచ్చు.

పాఠకులలో ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు మరెందరో ఉండవచ్చు. పట్నం పోలేనివారు ఇంట్లో చేయగలిగింది కొంత ఉన్నది. చెరువు మట్టి, ముగ్గుపిండి, బొగ్గు, పాత క్యాలెండరు వెనకవైపు, ఇవి చాలు. రోజూ ఒకే వేళకు అరగంట పక్కన కూర్చోండి. ఇది ఏమిటి, ఏనుగా, కుక్కా అని గద్దించి అడగవద్దు. వాని చేతిలోనిది లాక్కుని మీరు గీయవద్దు. బొమ్మ వెనక తేదీ వేసి దాచండి. ఆరు నెలల తరువాత తీసి చూస్తే, ఆ గీతలలో వచ్చిన మార్పు మీకే కనబడుతుంది. ఇది చికిత్స కాదు. వైద్యుడు ఇచ్చిన మందు ఏదైనా ఉంటే దీనికోసం మానవద్దు. ఇంట్లో ఎవరికైనా మనసు బాగా కలత చెంది, ప్రాణం మీదికి తెచ్చుకుంటారేమో అనిపిస్తే ఆలస్యం చేయకండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ ఫోను నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు పడదు.

సంఘపెద్దలకు చివరి మనవి. ఆరాధనకు వచ్చిన ఇలాంటి పిల్లవాడు మధ్యలో లేచి కేక వేస్తే, వెనక్కి తిరిగి చూసి ముఖం చిట్లించవద్దు. ఆ చూపులకు భయపడే అనేక కుటుంబాలు ఇంట్లో తలుపు వేసుకుంటున్నాయి. ఆదివారపు బడిలో అతని కోసం ఒక చాప, ఒక పలక, పక్కన కూర్చునే ఒక మనిషి ఉంటే, ఆ తల్లి ఒక గంట ఊపిరి పీల్చుకుంటుంది.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నా జవాబు: అమ్మాయి కోరికను వినండి, తండ్రి అడిగిన జీవనోపాధి ప్రశ్నను కూడ వినండి, చదువు ఆ రెండింటికీ సరిపోయేలా ఎంచుకోండి. తలుపు మాత్రం ఈరోజే తీయండి.