ఏ ఫోన్ కొనాలి అన్నా? అని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

 

జూన్, జులై వచ్చిందంటే మా రూముకు ఒకటే రకం కాల్స్. "అన్నా, హైదరాబాద్ వచ్చిన. కోచింగ్‌ల చేరిన. ఫోన్ కొనాలె. ఆండ్రాయిడ్ తీసుకోవాల్నా, ఐఫోన్ తీసుకోవాల్నా?" ఉట్నూరు నుంచి, ఏటూరునాగారం నుంచి, దేవరకొండ తండాల నుంచి, అటు పాడేరు, సీతంపేట నుంచి కూడా అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాం. మేము గచ్చిబౌలి చుట్టుపక్కల రూముల్లో ఉండి, హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసుకునే సీనియర్లం. కొందరం టెస్టింగ్‌లో, కొందరం సపోర్టులో, ఇద్దరం రాత్రిపూట డెలివరీలో. కంపెనీల ప్రకటనలు కాకుండా మా చేతుల్లో నడిచిన ఫోన్లను బట్టి చెప్పే మాట ఇది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మనలో ఎక్కువమందికి ఆండ్రాయిడే సరైంది. ధర తక్కువ అన్నది అందులో చిన్న కారణం. పెద్ద కారణం భాష.

ముందు ఐఫోన్ మోజు సంగతి. రాయదుర్గం మెట్రోలో ఎక్కితే ఎదురుగా కూర్చున్న వాళ్ల చేతుల్లో అవే కనిపిస్తాయి. ఆఫీసు క్యాంటీన్‌లో టేబుల్ మీద బోర్లా పెట్టినా వెనకున్న గుర్తు కనబడుతుంది. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పగానే ఎదుటివాడి ముఖం మారడం మనకు అలవాటైన సంగతే. చేతిలో ఆ ఫోన్ ఉంటే ఆ చూపు కొంచెం మారుతుందని అనిపిస్తుంది. అనిపించడం తప్పు కాదు, మాకూ అనిపించింది. మా రూములో ఉన్న ఒక తమ్ముడు (పేరు వద్దు) ఉద్యోగం వచ్చిన మూడో నెలలోనే వాయిదాల మీద ఐఫోన్ తీసుకున్నాడు. 24 నెలల వాయిదాలు. ఐదో నెలలో ప్రాజెక్టు పోయింది, ఉద్యోగం పోయింది, వాయిదా మాత్రం పోలేదు. చివరికి ఊళ్లో పత్తి అమ్మిన డబ్బుల్లోంచి వాళ్ల బాపు పంపించాడు. ఆ ఫోన్ ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. అందులో ఫోన్ తప్పేమీ లేదు.

నిజానికి ఐఫోన్‌కు గట్టి బలాలు ఉన్నాయి, దాచాల్సిన పని లేదు. మొదటిది ఆయుష్షు. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఆర్‌కు ఐఓఎస్ 18 దాకా అప్‌డేట్లు వచ్చాయి. 2025లో వచ్చిన ఐఓఎస్ 26 దగ్గర ఆగింది. అంటే ఏడేళ్లు. మన బడ్జెట్‌లో దొరికే ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటికి రెండు, మూడేళ్లకే కొత్త వెర్షన్లు ఆగిపోతాయి. ఎందుకంటే ఐఫోన్‌ను, దాని సాఫ్ట్‌వేర్‌ను చేసేది ఒకే కంపెనీ. ఆండ్రాయిడ్ అలా కాదు. గూగుల్ తయారు చేస్తుంది, ఫోన్ కంపెనీ తనకు కావలసినట్టు మార్చుకుంటుంది, చిప్ కంపెనీ కూడా సహకరించాలి. ముగ్గురిలో ఎవరు చేతులెత్తేసినా మన ఫోన్ అక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు కొంచెం నయం. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ ఎస్24 నుంచి ఏడేళ్లు ఇస్తామని మాట ఇచ్చాయి. అవి మనకు అందని ధరలే. కానీ 2024లో 20 వేల లోపు వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ఇస్తామన్నారు. కాబట్టి షాపులో కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని అడిగే ముందు అప్‌డేట్లు ఎన్నేళ్లు అని అడగండి. అడిగితే షాపువాడు వింతగా చూస్తాడు. చూడనీయండి.

అప్‌డేట్లు ఆగడం ఒక సంగతి, ఫోన్ పనికిరాకుండా పోవడం ఇంకో సంగతి. 2025లో వాట్సాప్ ఐఓఎస్ 15.1 కంటే పాత ఐఫోన్లను వదిలేసింది. 2014 నాటి ఐఫోన్ 6 దాంతో వాట్సాప్‌కు దూరమైంది. అదే 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 మీద ఆ సమయానికి వాట్సాప్ నడుస్తూనే ఉంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని మరీ పాత ఐఫోన్ కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మూడో వరస ఫోన్లు కూడా ఉండేవి. నోకియా విండోస్ ఫోన్ మాలో ఇద్దరం వాడాం. అంత తక్కువ ర్యామ్‌లో అంత సాఫీగా నడిచిన ఫోన్ మళ్లీ చూడలేదు. కానీ యాప్‌లు లేవు. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని 2014లో కొన్న మైక్రోసాఫ్ట్, మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈఓగా ఉండగానే, 2015 జులైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసింది. ఇక కైఓఎస్ మీద నడిచే జియోఫోన్ మన ఊళ్లలో అమ్మల చేతుల్లో, నానమ్మల చేతుల్లో ఉన్నదే. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌కు ఇచ్చారు. బటన్ల ఫోన్‌లో వాట్సాప్ వచ్చింది కదా అని సంబరపడ్డాం. 2024 జూన్ తర్వాత కైఓఎస్‌లో వాట్సాప్ కొత్తగా ఎక్కించుకునే వీలు లేదు. ఫోన్ పాడు కాలేదు, బ్యాటరీ బాగుంది, పలకరింపు మాత్రం పోయింది. కొత్తగా ఎవరైనా 'మన దేశపు ఓఎస్' అంటూ వస్తే ముందు యాప్‌ల సంగతి చూసి తర్వాత చప్పట్లు కొడదాం.

ఇప్పుడు అసలు విషయం, భాష. 2014లో ఆండ్రాయిడ్ 5తో ఫోన్ మొత్తం, అంటే సెట్టింగులు, మెనూలు, హెచ్చరికలు, తెలుగులోకి మార్చుకునే వీలు వచ్చింది. ఐఫోన్‌లో తెలుగు కీబోర్డు ముందే ఉన్నా, ఫోన్ మొత్తం తెలుగులో పెట్టుకునే అవకాశం ఐఓఎస్ 18.4తో 2025లో వచ్చింది. పదేళ్లు పైనే ఆలస్యం. టిమ్ కుక్ స్వయంగా వచ్చి నానక్‌రామ్‌గూడ వేవ్‌రాక్‌లో యాపిల్ మ్యాప్స్ ఆఫీసు ప్రారంభించింది 2016 మేలో. తెలుగు మాట్లాడే ఇంజినీర్ల మధ్య ఆఫీసు పెట్టుకుని కూడా తెలుగు తేవడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది.

మధ్యలో 2018 ఫిబ్రవరిలో జరిగింది కొందరికి గుర్తుండే ఉంటుంది. 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్ కుప్పకూలేది. మామూలుగా జ్ఞానం అని కొడితే ఏమీ కాదు, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పడితేనే. లక్ష రూపాయల ఫోన్లు ఒక్క ఒత్తక్షరానికి పడిపోతుంటే అప్పుడు మేము నవ్వుకున్నాం. ఐఓఎస్ 11.2.6 పంపి దాన్ని సరిచేశారు. తర్వాత ఆలోచిస్తే నవ్వే విషయం కాదనిపించింది. కోట్ల మంది రాసే తెలుగు లిపినే పూర్తిగా పరీక్షించకుండా వదిలిన కంపెనీకి మన గోండి, కోయ, సవర ఎప్పటికి గుర్తొస్తాయి?

అదే 2018లో, జూన్‌లో, గుంజాల గోండి లిపి యూనికోడ్ 11లో చేరింది. నార్నూర్ దగ్గరి గుంజాలలో దొరికిన రాతప్రతుల మీద పనిచేసింది జయధీర్ తిరుమలరావు గారి బృందం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి. ఆ యూనివర్సిటీ గేటుకూ, ఇక్కడి మైక్రోసాఫ్ట్, గూగుల్, యాపిల్ ఆఫీసులకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. మసరాం గోండి అంతకు ఏడాది ముందే యూనికోడ్‌లోకి వచ్చింది. గూగుల్ తన 'నోటో' ఫాంట్లలో ఈ రెండు లిపులకూ ఉచితంగా ఫాంట్లు చేసింది. మెచ్చుకోవాలి. కానీ ఫోన్ మెనూ గోండిలో పెట్టుకోవడం ఇప్పటికీ రెండింట్లోనూ లేదు.

జనం తక్కువ కదా, కంపెనీలకు లాభం ఉండదు అంటారు కొందరు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే. 2014లో తెలుగుతో పాటు అదే జాబితాలో ఆండ్రాయిడ్‌లోకి వచ్చిన ఇంకో భాష ఐస్‌లాండిక్. ఆ దేశం జనాభా మొత్తం కలిపి 4 లక్షల లోపు. వాళ్లకు అడిగే ప్రభుత్వం ఉంది, కొనే శక్తి ఉంది. మన తరఫున ఎవరు అడిగారు?

భాష అంటే మురిసిపోవడానికి అని కొందరు అనుకుంటారు. కాదు, అది భద్రత కూడా. లోన్ యాప్‌ల గొడవ గుర్తుందా? 2020 డిసెంబరులో ఇదే సైబరాబాద్‌లో పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. మూడు వేలు, ఐదు వేలు అప్పు ఇచ్చి, ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాగేసుకుని, కట్టడం ఆలస్యమైతే బంధువులందరికీ మెసేజ్‌లు పెట్టిన బాపతు. మాకు తెలిసిన ఒక తమ్ముడి విషయంలో ఆ మెసేజ్ ఆశ్రమ పాఠశాలలో తనకు చదువు చెప్పిన సారుకు కూడా పోయింది. వాడు ఆరు నెలలు ఊరికి పోలేదు.

ఇక్కడ ఆండ్రాయిడ్ బలహీనత ఒప్పుకోవాల్సిందే. తలుపు ఎవరికైనా తెరిచి ఉంటే దొంగ కూడా వస్తాడు. ప్లే స్టోర్‌లోనే ఆ యాప్‌లు ఉండేవి. లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు ముట్టుకోకూడదని గూగుల్ నిబంధన అమల్లోకి తెచ్చింది 2023 మే చివరలో. ఐఫోన్‌లో కాపలా ఇంకా గట్టిది. వేరే యాప్‌ల్లో, వెబ్‌సైట్లలో మనల్ని వెంటాడాలంటే ఆ యాప్ ముందుగా మనల్ని అడగాలని 2021లోనే పెట్టారు. అయినా 2023లో యాప్ స్టోర్ నుంచి కూడా కొన్ని లోన్ యాప్‌లు తీసేయాల్సి వచ్చింది. కాపలా ఉన్నంత మాత్రాన ఇల్లు భద్రం కాదు.

ఆ తమ్ముడిని మేము అడిగాం, కాంటాక్టులు చూడొచ్చా అని ఫోన్ అడిగి ఉంటుంది కదరా, ఎందుకు సరే అన్నావు అని. "ఇంగ్లీషుల ఏదో వచ్చింది అన్నా, అలో అని ఉంటే నొక్కిన" అన్నాడు. తెలుగు మీడియంలో చదివి, తెలుగు గడగడా చదివే పిల్లవాడు. ఫోన్ ఇంగ్లీషులో ఎందుకు పెట్టుకున్నావంటే తల దించుకున్నాడు. తెలుగులో ఉంటే తోటివాళ్లు నవ్వుతారని. ఇందులో గూగుల్ తప్పు ఎంత, మన సిగ్గు ఎంత అన్నది మీరే చూసుకోండి. మేము మాత్రం ఆ రోజు రాత్రే మా ఫోన్లు తెలుగులోకి మార్చాం. మొదటి వారం 'సెట్టింగ్‌లు' ఎక్కడున్నాయో వెతుక్కున్నాం, తర్వాత అలవాటైంది. (ఎవరైనా ఇప్పుడు ఇలాంటి వాటిలో ఇరుక్కుంటే దాచుకోకుండా వెంటనే 1930కి కాల్ చేయండి.)

ఆండ్రాయిడ్ వైపు మేము మొగ్గడానికి ఆఖరి కారణం, దానితో మనం కూడా ఏదైనా చేయొచ్చు. పాత విండోస్ ల్యాప్‌టాప్ మీద యాప్ రాయొచ్చు, ప్లే స్టోర్‌లో పెట్టడానికి ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు, సుమారు 2 వేల రూపాయలు. నలుగురం వేసుకుంటే తలా 500. ఐఫోన్ యాప్‌కైతే మ్యాక్ కంప్యూటర్ ఉండాలి, ప్రతి ఏడాదీ 99 డాలర్లు కట్టాలి. స్టోర్‌లో పెట్టకుండానే ఆండ్రాయిడ్ యాప్ ఫైలును బ్లూటూత్‌లో పక్కవాడికి పంపొచ్చు. టవర్ లేని గూడేనికి అది ఎంత పెద్ద విషయమో మనకు తెలుసు. రేపు మనలో ఎవరైనా కోయ కీబోర్డు చేస్తే గుట్ట మీది ఊరికి అది చేరేది అలాగే.

ఆ తలుపు కూడా ఇప్పుడు సన్నబడుతోంది. పేరు, గుర్తింపు ఇచ్చి నమోదు కాని వాళ్ల యాప్‌లను మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో పడనివ్వబోమని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో నాలుగు దేశాలతో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు అన్నారు. విమర్శలు వచ్చాక విద్యార్థులకు, తెలిసి ఎక్కించుకునేవాళ్లకు వేరే దారి ఉంచుతామన్నారు. మోసాలు ఆపడానికే అంటున్నారు, అందులో నిజం ఉంది. లోన్ యాప్‌ల దెబ్బ తిన్న మనం కాదనలేం. కానీ ఆ వేరే దారి ఎంత సులువుగా ఉంటుందన్నదే మనం కనిపెట్టుకుని ఉండాలి.

కాబట్టి తమ్ముడూ, చెల్లే, నువ్వు కొనబోయేది అప్పు లేకుండా కొనగలిగే ఆండ్రాయిడ్ ఫోన్, అప్‌డేట్లు ఎక్కువ ఏళ్లు ఇచ్చేది. ఐఓఎస్ యాప్‌ల పనే నేర్చుకుంటున్నావా, లేదా చేతిలో డబ్బు మిగిలి కొంటున్నావా, అప్పుడు ఐఫోన్ కొనుక్కో, ఎవరూ వద్దనరు.

కొన్నాక ఒక్క పని చెయ్యి. గోండిలో నీళ్లు అని 'యేర్' కొడితే కీబోర్డు దాన్ని 'ఏరు' చేస్తుంది. ఇల్లు అని 'రోన్' కొడితే ఇంకేదో చేస్తుంది. ఆండ్రాయిడ్ కీబోర్డు సెట్టింగుల్లో వ్యక్తిగత నిఘంటువు ఉంటుంది. అందులో నీ ఇంటి మాటలు ఎక్కించు, ఇక దిద్దకుండా వదిలేస్తుంది. మేము ఇప్పటికి గోండివి, లంబాడీవి కొన్ని వందల మాటలు తెలుగు లిపిలో రాసి పెట్టుకున్నాం. కోయవి తక్కువ ఉన్నాయి, కొలామీ, సవర అసలే లేవు. అమ్మను, నానమ్మను అడిగి రోజుకు పది మాటలు, పక్కన తెలుగు అర్థంతో, ఏ ఊరి యాసో రాసి ఈ పోస్టు కిందే పెట్టండి. జాబితా పెద్దదయ్యాక ఫైలు చేసి ఇక్కడే పంచుతాం.