లెక్క అడిగితే అవిశ్వాసమా?

వరంగల్ కేథలిక్కులకు బిషప్‌ను నియమించేది పోప్. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు ఆంగ్లికన్లలో తొలి భారతీయ బిషప్. ఆ డయాసిస్ ఇప్పుడు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)ది. హన్మకొండ బాప్టిస్టులం, మాకు బిషప్పే లేరు. సభ్యుల సభదే తుది మాట, డీకన్లను మేమే ఎన్నుకోవాలి. కాగితం మీద ఇంతకంటే ప్రజాస్వామ్యం ఏముంది?

నేను వెళ్లే సంఘంలో మాత్రం ఆరాధన ముగిశాక, పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, డీకన్ల పేర్లు చదివి "అందరికీ సమ్మతమేనా?" అంటారు. ఆమెన్ అన్నామా, ఎన్నిక అయిపోయినట్టే. క్రిస్మస్ విందుకు వండేది ఆడవాళ్లం. చెక్కు మీద సంతకం పెట్టే చోట మేం ఉండం. నంద్యాలలో 2013లోనే సీఎస్ఐ వాళ్లకు ఒక మహిళ, పుష్పలలిత గారు, బిషప్ అయ్యారు మరి!

అయ్యగారూ, ఈసారి రహస్య ఓటు పెట్టించండి. కానుకల లెక్కలు వారం ముందే గోడకు అంటించండి.